నీటేనుగు తిరిగిన ఎండాకాలం

ఆ ఎండాకాలం నేను ఏడవలేదు. ఏడవలేదని మా పల్లె ఆడవాళ్లు నా ముందే అనుకున్నారు. "తమ్ముడు పోతే కండ్లల్లో చుక్క నీళ్లు రాలేదే, రాతి గుండె పిల్ల" అన్నారు. రాయీ కాదు, ఏమీ కాదు. లోపల ఏమీ లేదు, అంతే. పొద్దున్నే లేచి మొహం కడుక్కుని, హిందూపురం దారిలో ఉన్న బట్టల కంపెనీ బస్సు ఎక్కి, సాయంత్రం దాకా చొక్కాలకు కాలర్లు కుట్టి, మళ్లీ అదే బస్సులో ఇంటికొచ్చేదాన్ని. ఒక్క కాలరూ వంకర పోలేదు. సూపర్‌వైజరు మెచ్చుకున్నాడు కూడా. వాడి మెచ్చుకోలు మండిపోను.

మా పల్లె పెనుకొండ నుంచి రొద్దం పోయే దారికి కొంచెం లోపలగా ఉంటుంది. ఉండేది, అనాలి. రిజర్వాయరు కట్టినప్పుడు పాత ఇళ్లు, చేలు అన్నీ నీళ్ల కిందికి పోయాయి. మమ్మల్ని మిట్ట మీద కొత్త కాలనీలో పెట్టారు. ఎక్కడో శ్రీశైలం నుంచి కాలవ తవ్వి కృష్ణ నీళ్లు తెచ్చి మా చేల మీద నింపారు. అన్ని నీళ్లు ఒక్కచోట మా వాళ్లు అంతకుముందు చూసింది లేదు. బావులు ఎండిపోయి, బోర్లు వేసుకున్నాక పుట్టిన పిల్లలం మేము. మాకు ఈత ఎక్కడిది?

ఇంట్లో నలుగురం. నాయన షరీఫ్, నాయనను కన్న అవ్వ షంషాద్‌బీ, నేను, తమ్ముడు జహీర్. అమ్మ మా చిన్నప్పుడే పోయింది. జహీర్‌కు పాలు తాపి, ముడ్డి కడిగి పెంచింది అవ్వే. వాడు ఆమెను "ఏమే షంషాదూ" అని పేరు పెట్టి పిలిచేవాడు. ఆమె కట్టె ఎత్తేది గానీ ఎప్పుడూ కొట్టలేదు. గడ్డం వచ్చినా వాడికి అన్నంలో పెరుగు ఆమే కలిపి పెట్టాలి. నేను "వానికి చేతుల్లేవా" అంటే "నీకు కండ్లుండాయి, అది చాలు, మూసుకో" అనేది.

రంజాన్ పండగ అయిపోయిన కొత్తలో ఒక సాయంత్రం జహీర్ మేకలను తోలుకుని నీళ్ల అంచుకు పోయాడు. నీళ్లు వెనక్కి పోయిన చోట పచ్చిక మొలిచి ఉంది. దూరంగా ఓబులేసు మామ పుట్టిలో కూర్చుని వలలు తీస్తున్నాడు. ఓబులేసు మామది రెడ్ల ఇల్లు, మా చేని పక్క చేను. భూమి పోయాక గుండ్రటి పుట్టి ఒకటి కొని, వల వేయడం నేర్చుకున్నాడు. మామ చెప్పింది ఇది. ఒక మేక నీళ్లలోకి దిగింది. కొంచెం దూరం పోయి మునిగింది. జహీర్ లుంగీ పైకి కట్టి దాని వెంట దిగాడు. నీళ్లు వాడి మోకాళ్లకే ఉన్నాయి. మామ వల వైపు ఒకసారి తలతిప్పి మళ్లీ చూసేసరికి వాడు లేడు.

"మోకాటి లోతు నీళ్లబ్బా! మోకాటి లోతు!" అని మామ ఊరంతా తిరిగి చెప్పాడు. "ఉన్న మనిషి లేడు. నీళ్లు గిర్రున తిరిగి, బుడబుడమని తొండం మాదిరి పైకి లేచినాయి. నా కండ్లతో చూసినా."

అందరూ పరిగెత్తేసరికి చీకటి పడింది. కర్మ కాలి ఆ రాత్రే కాలవకు నీళ్లు వదిలారు. తెల్లారేసరికి ఆ పక్కంతా మనిషి నిలువు నీళ్లు. ఎక్కడ చూసినా ఒకటే తెలుపు. ఫైరింజను వాళ్లు తాళ్లు, కొక్కేలు తెచ్చారు. ఓబులేసు మామ "ఈడ" అన్నాడు, మళ్లీ "కాదు, ఆడ" అన్నాడు. చెట్టా, చేని గట్టు గెనిమా, గుర్తు పెట్టుకోవడానికి నీళ్ల మీద ఏముంటుంది?

వాళ్లలో పెద్దాయన నాయనను అడిగాడు. "ఈ కింద బావులేమైనా ఉన్నాయా?"

"ఉండె సార్. ముంపుకు ముందరే అన్నీ పూడ్చినాం. మాది కూడా జేసీబీ పెట్టి పూడ్పిచ్చినా."

గట్టు మీద కొంగు నెత్తిన వేసుకుని నిలబడి ఉన్న అవ్వ అప్పుడు మాట్లాడింది.

"బావీ కాదు, ఏమీ కాదు. అది నీటేనుగు."

పెద్దాయన ఆమె వైపు చూసి మళ్లీ తాడు అందుకున్నాడు. రెండు రోజులు వెతికి వాళ్లు వెళ్లిపోయారు.

నీటేనుగు మాకు కొత్త కాదు. పెనుకొండ కోటలో ఒక రాతి మీద ఉంటుంది. ఏనుగు తల, తొండం, వెనక చేప ఒళ్లు. ధర్మవరం చీరల అంచుల్లోనూ వరసగా నేస్తారు. అది ఉత్త బొమ్మ అనుకున్నాం మేము. అవ్వ చెప్పింది వేరు.

"మా యమ్మ చెప్పేది. పెద్ద నీళ్లు యాడికి పోతే అది ఆడికి పోతాది. కాలవలో వచ్చింటాది. లోతులో పండుకుంటాది. ఆకలైతే గట్టుకు వస్తాది, తొండంతో లాక్కోని మళ్లీ లోతుకు పోతాది. కట్ట కాడ వెతకండి. లోతంతా ఆడే ఉండాది."

ఇంతకుముందు ఎప్పుడూ ఆమె నోట ఈ కథ నేను వినలేదు. మొదట్లో జనం నవ్వుకున్నారు. తరవాత బట్టలు ఉతకడానికి పోయిన గంగులమ్మ నీళ్లలో నల్లటి వీపు చూశానంది. ఓబులేసు మామ వల ఒకటి నిలువునా చీలి దొరికింది. ఇంక నవ్వడం మానేశారు. పిల్లలను నీళ్ల వైపు పోనివ్వలేదు. హిందూపురం నుంచి బైకుల మీద కుర్రాళ్లు వచ్చి కట్ట మీద ఫొటోలు దిగేవాళ్లు. మిరపకాయ బజ్జీల బండి ఒకటి వెలిసింది. నేను కంపెనీ బస్సు దిగి ఆ బండి పక్కగా నడిచి ఇంటికి వెళ్లేదాన్ని. ఒకడు నన్నే అడిగాడు, "అక్కా, మనిషిని మింగింది యాడ?" అని. చెప్పు తీయాలనిపించలేదు. "ఆడ" అని చేయి చూపించి వచ్చేశాను.

మసీదు హజరత్ ఇంటికొచ్చి, మనిషి దొరక్కపోయినా, పోయినవాళ్లకు చదివే జనాజా నమాజు చదవచ్చని నాయనకు చెప్పాడు.

"నేను చదవను" అన్నాడు నాయన. "ఏనుగో దయ్యమో, నాకు అనవసరం హజరత్. నా కొడుకు నీళ్లలో ఉండకూడదు. వాన్ని నేను నా చేతుల్తో మట్టిలో పెట్టాల. అంతవరకు వాడు పోయినట్టు కాదు, ఉన్నట్టు కాదు."

అవ్వ మూలన కూర్చుని వింటోంది. ఆ రోజు నుంచి ఆమె ముద్ద సరిగా తినలేదు.

చంద్రశేఖర్ సార్ వచ్చింది అప్పుడే. ధర్మవరంలో చీరలకు కంప్యూటరు మీద డిజైన్లు వేస్తాడు. సెలవు దొరికితే వింత జంతువులను వెతుక్కుంటూ అడవులు పట్టి తిరిగి, వీడియోలు తీసి ఫోనులో పెడతాడు. సన్నగా, నెత్తిన టోపీతో, ఇంటి గడప దగ్గరే చెప్పులు విడిచి నిలబడ్డాడు. నీళ్ల అడుగు చూపించే మిషను తన దగ్గర ఉందని, వెతకడానికి తానూ వస్తానని నాయనతో చెప్పాడు.

"మా తమ్ముడు మీకు వీడియోనా సార్?" అన్నాను.

"లేదమ్మా" అని, టోపీ సర్దుకుని, "అది కూడా" అన్నాడు.

నిజం చెప్పాడు కాబట్టి టీ పెట్టి ఇచ్చాను.

అట్లా మొదలైంది వేట. నాయన, ఓబులేసు మామ, చంద్రశేఖర్ సార్ పొద్దు పొడవకముందే పుట్టి ఎక్కేవాళ్లు. ఆదివారాలు నేనూ ఎక్కేదాన్ని. ఇంట్లో ఉంటే వాడి లుంగీలు దండెం మీద కనబడతాయి. సార్ మిషను తెర మీద కింద ఉన్నదంతా గీతల్లా కనబడేది. నాయన దాని మీదికి వంగి చూసేవాడు. "ఇది పీర్లచావిడి గోడ. ఇది జయరాముడి ఇంటి అరుగు" అని చెప్పేవాడు. తన ఊరిని పైనుంచి చూస్తున్నాడు. పుట్టి ఎప్పుడూ కట్ట వైపే పోయేది, లోతుకు. అవ్వ అదే చెప్పింది, మిషనూ పెద్ద నీడలన్నీ అక్కడే చూపించేది.

ఒక ఆదివారం పొద్దున ఆ లోతులో ఏదో పుట్టిని కింది నుంచి గుద్దింది. పుట్టి గిర్రున తిరిగింది. సార్ కెమెరా నీళ్లలో పడబోయి ఆగింది.

"పట్టుకోండబ్బా! గట్టిగా పట్టుకోండి!" అని అరిచాడు ఓబులేసు మామ.

నీళ్లు పైకి లేచి, నల్లటి వీపు ఒకటి మా పక్కనుంచి నిదానంగా దొర్లిపోయింది. దాని మూతికి తొండాల్లాగా పొడుగాటి మీసాలు. సార్ నోరు తెరుచుకుని ఉండిపోయాడు. నాయన మాత్రం అప్పటికే కొక్కెం విసిరాడు. కొక్కెం దిగింది. అది మమ్మల్ని కట్ట పొడుగునా లాక్కుంటూ పోయింది. నాయన చేతులు తాడుకు కోసుకుపోయి రక్తం కారుతున్నా వదల్లేదు. "వదులు షరీపన్నా, మునుగుతాం!" అని మామ, "వదలను" అని నాయన. నేను పుట్టి అంచు పట్టుకుని కూర్చున్నాను. మునిగితే మునుగుతాం అనుకున్నాను. భయం కూడా కాలేదు.

ఎండ ఎక్కేసరికి అది అలిసిపోయింది. గట్టుకు లాగితే, వాలుగ చేప. మా ఓబులేసు మామ కంటే పొడుగు. నదిలో పుట్టి, కాలవ వెంట వచ్చి, మా చేల మీద పెరిగింది. జనం గుంపు కట్టారు. సార్ కెమెరా పెట్టాడు గానీ నాయన కత్తి తీసేసరికి దించేశాడు.

నాయన మోకాళ్ల మీద కూర్చుని దాని కడుపు కోశాడు. జహీర్ మెడలో వెండి తాయెత్తు ఉండేది, అది దొరుకుతుందేమోనని రెండు చేతులు మోచేతుల దాకా లోపలికి పెట్టి వెతికాడు. చిన్న చేపలు వచ్చాయి. నీలం ప్లాస్టిక్కు ముక్క ఒకటి వచ్చింది. బజ్జీల బండివాడు నూనెలో బజ్జీలు వేస్తున్న చప్పుడు వినబడింది. ఆ వాసనకు నాకు ఆకలేసింది. తమ్ముడి కోసం నాయన చేప కడుపు కోస్తుంటే నాకు ఆకలేసింది. చెప్పుకోవడానికి సిగ్గేస్తుంది గానీ నిజం.

"ఇది కాదు" అన్నాడు నాయన. లేచి చేతులు కడుక్కున్నాడు.

ఆ చేపను ఊళ్లో ఎవరూ తినలేదు.

ఇంటికొచ్చి అవ్వకు చెప్పాను, అది చేప అవ్వా అని. ఆమె నా మొహం చూడలేదు.

"కాదు. ఇంగా పెద్దది ఉండాది. కట్ట కాడనే చూడమను మీ నాయనను. ఇంగో పక్కకు పోవద్దను" అంది. తరవాత రోజూ అడిగేదే అడిగింది. "నీళ్లు యాడికి దిగినాయి?"

ఎండలు ముదిరాయి. కాలవ ఆగింది, నీళ్లు రోజురోజుకూ వెనక్కి పోతున్నాయి. నేను బస్సు దిగి వచ్చేసరికి ఆమె గడప మీద కాచుకుని ఉండేది. "పీర్లచావిడి బయటపడిందవ్వా" అని ఒకరోజు, "జయరాముడి ఇల్లు కనబడతాంది" అని ఇంకోరోజు చెప్పేదాన్ని. వింటూ ఆమె గడపను గోళ్లతో గీకేది. ఆమెకు భయం వేస్తోందని నాకు అర్థమైంది. ఏనుగును చూసి అనుకున్నాను.

మే నెల చివర ఒక ఆదివారం పొద్దున, నాయన వాళ్లు కట్ట దగ్గరికి పోయాక, వాకిట్లో కూర్చోబెట్టి అవ్వకు తల దువ్వుతున్నాను. ఆముదం రాసి చిక్కు తీస్తున్నాను. వెంట్రుకలు పిడికెడు కూడా లేవు.

"నీళ్లు యాడికి దిగినాయి?"

"మన చేని దాకా వచ్చినాయంటవ్వా. రేపో మాపో మన గెనిమ కనబడతాది."

నేను జడ అల్లడం మొదలుపెట్టాను.

"హీనా, బావి పూడ్చకూడదు. నీళ్లిచ్చిన బావి నోట్లో మన్ను కొడితే, ఆ ఇంటి పిల్లోళ్లు నిలబడరు. మా అత్త చెప్పింది. ఆమెకు ఆమె అత్త చెప్పింది."

"మనం పూడ్చినాం కదవ్వా. నాయన జేసీబీ పిలిపిచ్చినాడు కదా."

"మీ నాయన ఆ పొద్దు వాకిళ్లు, కిటికీలు ట్రాక్టరుకేసుకోని ఈడికి తెచ్చినాడు. ఆ జేసీబీ పిల్లోనికి నేను మజ్జిగ తాపి పంపిచ్చినా."

నా చేతులు ఆగలేదు. జడ అల్లుతూనే ఉన్నాను.

"మీద కట్టెలేసి, కంప పరిచి, మన్ను కప్పినా. మీ నాయన వచ్చి చూసి, పూడింది అనుకున్యాడు" అంది. "నీళ్లలో కంప నానిపోతాదని నాకు తెలీలేదు. పిల్లోళ్లు బాగుండాలని చేసినా నేను."

జడ చివర దారం కట్టాను. పళ్లెంలో రెండు ఇడ్లీలు పెట్టి ఆమె ముందు ఉంచాను. ఆమె ముట్టలేదు. కోపం రావాలి నాకు. ఈ ముసలిదాని గొంతు పిసకాలి అనుకున్నాను, మాటలుగా మాత్రం అనుకున్నాను. కోపం రాలేదు. చెప్పులు వేసుకుని కట్ట మీదికి నడిచాను.

పుట్టి గట్టు దగ్గరే ఉంది.

"నాయనా, మన చేని పక్కకు పోదాం" అన్నాను.

"ఆడ లోతు యాడుండాది? నడుముకు కూడా రావు నీళ్లు" అన్నాడు ఓబులేసు మామ.

నాయన నన్ను చూశాడు. తెడ్డు అందుకుని పుట్టిని తిప్పాడు.

మా చేను నాయనకు నీళ్లలోనూ తెలిసింది. బోరు గుంత, గెనిమ మలుపు చూసుకుంటూ పోయి ఒకచోట ఆపాడు. జానెడు నీళ్ల కింద బావి ఒరలు గుండ్రంగా కనబడుతున్నాయి. నడుమ నల్లగా ఉంది. చుట్టూ నానిపోయిన కంప, మురిగిన కట్టెలు. సార్ మిషను తెర చూసి, దాన్ని ఆపేసి టోపీ తీశాడు.

నాయన పుట్టి దిగి ఒర మీద నిలబడ్డాడు. వంగి ఒక కంప ముక్క తీసి చూశాడు. ఆ పొద్దు బావి కాడ ఉండింది అవ్వ ఒక్కతే; అది పెట్టిన చేతులు ఎవరివో ఆయనకు తెలిసింది. ఆ మాట నేను చెప్పనక్కరలేకపోయింది. కాసేపటికి ఆ కంపను నీళ్లలోకే వదిలాడు.

బావిలోకి దిగింది ఓబులేసు మామ. మేకా, జహీరూ ఒకేచోట ఉన్నారు. పాత మోటారు పైపుకు లుంగీ చుట్టుకుపోయి వాడు పైకి తేలలేదు. మిగిలింది తక్కువే. తాయెత్తు మాత్రం ఉంది. పోలీసులు వచ్చి రాసుకున్నారు. సాయంత్రానికి నాయన గుంతలోకి దిగి, తన చేతులతో వాణ్ని మట్టిలో పెట్టాడు. గుంత నుంచి పైకి వచ్చాక ఓబులేసు మామ భుజం మీద చేయి వేశాడు.

"ఓబులేసూ, వాడు కట్ట కాడ దొరికినాడు. లోతులో."

మామ కండ్లు తుడుచుకున్నాడు. "అట్లే షరీపన్నా" అన్నాడు.

"నేనేం తీయలేదన్నా" అన్నాడు చంద్రశేఖర్ సార్. ఆ వీడియో ఎప్పుడూ రాలేదు. కొక్కెం తగిలిన చేపను కూడా ఆయన ఎక్కడా పెట్టలేదు.

మా బావిని నాయన ఆ తరవాత కూడా పూడ్చలేదు. పైన బండలు పరిపించి, సందులు సిమెంటుతో మూయించాడు. లోపల మన్ను పడలేదు. మంచి మేస్త్రీనే పిలిచాడు.

నలభయ్యో దినానికి హిందూపురం నుంచి చుట్టాలు వచ్చారు. ఫాతెహా అయ్యి, అందరికీ భోజనాలు వడ్డిస్తున్నాం. అవ్వ ముందర పళ్లెం అట్లానే ఉంది. నాయన చిన్నాయన కొడుకొకడు, అసలు సంగతి తెలియనివాడు, ముద్ద నోట్లో పెట్టుకుంటూ అడిగాడు.

"అయితే కడాకు యాడ దొరికినాడు పిల్లోడు?"

మా పల్లెవాళ్లు తలలు వంచుకుని తింటున్నారు. అవ్వ కొంగు సర్దుకుంది. ఆమె నోరు తెరిచింది. చెప్పేయబోతోందని నాకు తెలిసింది. అందరి ముందర, ఆ రోజు, తన నోటితో.

"కట్ట కాడ" అన్నాడు నాయన, ఆమె కంటే ముందు. గట్టిగానే అన్నాడు. "మాయమ్మ మొదటి పొద్దే చెప్పింది, మేమే నమ్మలేదు. నీటేనుగు. నేను చూసినాను కదా. పుట్టిని కింద నుంచి గుద్దింది. నల్లటి వీపు. దానికి కొక్కెమేసి లాగితే ఇదిగో, చేతులు చూడు."

చేతులు చాపి చూపించాడు. తాడు కోసిన గీతలు ఇంకా ఉన్నాయి.

"ఊరుకో అన్నా" అని నవ్వబోయి, నాయన మొహం చూసి ఆగిపోయాడు వాడు. నా వైపు తిరిగాడు. "నిజమేనా పాపా?"

అబద్ధాలు ఆడేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. ఇప్పటికీ అంతే. అవ్వ నా వైపు చూస్తోంది. ఆ నెలల్లో ఆమె నా కళ్లలోకి చూడటం అదే మొదలు.

"నిజమే చిన్నాయనా" అన్నాను. "ఇంతలావు తొండం ఉండాది. మోకాటి లోతులోకి కూడా వస్తాది. ఎవురూ ఏమీ చేసేదానికి లేదు."

"ఉండాది, ఉండాది, నేనూ చూసినా" అంది గంగులమ్మ, పళ్లెంలోంచి తల ఎత్తకుండానే.

నేను అవ్వ పక్కన కూర్చున్నాను. ఆమె పళ్లెంలో అన్నం చల్లారిపోయి ఉంది. పెరుగు వేసి, జహీర్‌కు ఆమె కలిపినట్టే మెత్తగా కలిపి, ముద్ద చేసి నోటి దగ్గర పెట్టాను. ఆమె నోరు తెరవడానికి చాలాసేపు పట్టింది. నేను చేయి దించలేదు.